మరక చెప్పిన సాక్ష్యం: పౌల్ ఊలెన్‌హూట్ జీవితం

ఒక ఊరిలో హత్య జరిగింది. పోలీసులు అనుమానితుని ఇంట్లో ఒక పంచెను స్వాధీనం చేసుకున్నారు. దాని అంచున గోధుమ రంగుకు తిరిగిన ఎండు మరక ఉంది. అది జాతరనాడు మేకను కోసినప్పుడు పడిన రక్తమని అతడు వాదిస్తున్నాడు. అతడు మేకను కోసిన మాట నిజమే, ఊరంతా చూసింది. న్యాయమూర్తి ఇప్పుడేమి చేయాలి? ఆ మాట అబద్ధమైతే హంతకుడు ఇంటికి పోతాడు, నిజమైతే నిరపరాధి ఉరికంబం ఎక్కుతాడు. 1901వ సంవత్సరానికి ముందు ఈ చిక్కు విప్పగల వైద్యుడు ప్రపంచంలో ఎక్కడా లేడు. దానిని విప్పినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశస్థుడైన పౌల్ ఊలెన్‌హూట్. మన వైద్య విద్యార్థులు ఆయన పేరును పాఠ్యపుస్తకంలో ఒక పంక్తిలో చదివి మరచిపోతారు. కోర్టు మెట్లెక్కిన కుటుంబాలకు ఆ పేరే తెలియదు. కాని మన సరిహద్దు గ్రామాలలో కొన్ని తరాల హత్య కేసులు ఆయన చూపిన పద్ధతి మీద ఆధారపడి నడిచాయి.

ఊలెన్‌హూట్ 1870 జనవరి 7న హానోవర్ నగరంలో జన్మించారు. బెర్లిన్‌లో సైనిక వైద్యుల కొరకు నడిచే విద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి, సైన్యంలో వైద్యునిగా చేరారు. క్షయ, కలరా క్రిములను లోకానికి చూపిన రాబర్ట్ కోహ్ నడిపే సంస్థలో కొంతకాలం పనిచేశారు. 1899 ప్రాంతంలో బాల్టిక్ సముద్రతీరాన ఉన్న గ్రైఫ్స్‌వాల్ట్ అనే చిన్న పట్టణానికి, అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రీడ్రిక్ లోఫ్లర్ వద్ద సహాయకునిగా వెళ్ళారు. పశువులున్న ప్రతి ఇంటివారూ లోఫ్లర్ పేరు తెలుసుకోదగినదే. మన పశువులను పీడించే గాలికుంటు వ్యాధి, సూక్ష్మదర్శినికి సైతం కనబడనంత చిన్నదైన క్రిమి వలన వస్తుందని 1898లో నిరూపించినవారిలో ఆయన ఒకరు. ఆ ప్రయోగశాలలో కుందేళ్ళు, గినీ పందులు, వాటికిచ్చే సూదిమందులు నిత్యకృత్యం. ఊలెన్‌హూట్ చేతికి కుందేలు వచ్చింది అక్కడే.

అంతకుముందు పరిస్థితి ఎట్లుండేదో కొంత చెప్పుకోవాలి. ఒక మరక రక్తమా, కాదా అన్నది చెప్పగలిగే ఉపాయాలు పంతొమ్మిదవ శతాబ్దిలోనే ఉన్నాయి. 1853లో టైక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఎండిన రక్తం నుండి ప్రత్యేకమైన స్ఫటికాలను తీసి చూపాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే రక్తం నురుగు కక్కుతుందని 1863లో షోన్‌బైన్ గుర్తించాడు. అయితే మేక రక్తమూ నురుగు కక్కుతుంది, మనిషి రక్తమూ కక్కుతుంది. సూక్ష్మదర్శినితో చూస్తే కోడి, కప్ప వంటివాటి ఎర్ర కణాలు కోలగా, లోపల కేంద్రకంతో ఉంటాయి గనుక తేలికగా తెలిసిపోతాయి. పాలిచ్చే జంతువులన్నింటి కణాలూ, ఒంటె జాతిని మినహాయిస్తే, మనిషి కణాల వలెనే గుండ్రంగా కేంద్రకం లేకుండా ఉంటాయి. పరిమాణంలో స్వల్పభేదం ఉన్నా, మరక ఎండితే కణాలు ముడుచుకుపోయి ఆ భేదమూ మాసిపోతుంది. అయినా కొందరు వైద్యులు కణాలను కొలిచి, ఇది మనిషి రక్తమేనని న్యాయస్థానాలలో ధైర్యంగా సాక్ష్యమిచ్చేవారు. ఆ ధైర్యానికి ఎందరు బలయ్యారో చెప్పగల లెక్క లేదు.

ఊలెన్‌హూట్ అన్వేషణ రక్తంతో గాక కోడిగుడ్డుతో ప్రారంభమయింది. శరీరంలోకి పరాయి పదార్థం ప్రవేశించినప్పుడు దానిని గుర్తుపట్టి పట్టుకొనే ప్రతిరక్షకాలు రక్తంలో పుడతాయని అప్పటికి తెలిసింది. జూల్ బోర్డే మొదలైనవారు పాలను కుందేలుకు ఎక్కించి ఈ సంగతి చూపారు. ఊలెన్‌హూట్ కోడిగుడ్డు తెల్లసొనను కుందేలుకు పలుమార్లు ఎక్కించి, కొన్నాళ్ళకు దాని రక్తం తీసి, గడ్డకట్టాక పైన తేలే తేట ద్రవాన్ని, అంటే సీరంను, వేరుచేశారు. ఆ సీరంను తెల్లసొన కలిపిన నీటిలో వేయగానే నీరు తెల్లగా మబ్బుపట్టింది. ఇతర మాంసకృత్తుల ద్రావణాలలో వేస్తే నీరు తేటగానే నిలిచింది. కుందేలు దేహం తనకు పరిచయమైన పదార్థాన్ని జ్ఞాపకం పెట్టుకొని, మళ్ళీ ఎదురైనప్పుడు గుర్తుపడుతోందన్న మాట. 1900లో ఈ పని ముగించి ఆయన తదుపరి ప్రశ్నకు వెళ్ళారు. గుడ్డుకు బదులు రక్తాన్ని ఎక్కిస్తే ఏమవుతుంది?

ఎద్దు రక్తం ఎక్కించిన కుందేలు సీరం ఎద్దు రక్తాన్నే పట్టింది, మనిషి రక్తం ఎక్కించిన కుందేలు సీరం మనిషి రక్తాన్నే పట్టింది. ఈ ఫలితాన్ని ఆయన 1901 ఫిబ్రవరి 7న ఒక జర్మన్ వైద్య వారపత్రికలో ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఒక్క సంవత్సరాలు. దాదాపు అదే సమయంలో బెర్లిన్‌లో వాసర్‌మన్, షూట్సె అనే ఇద్దరు కూడా స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చారు. కీర్తి అంతా ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. అయితే ప్రయోగశాలలో పనిచేసిన పద్ధతిని పోలీసు ఠాణాకు, న్యాయస్థానానికి చేర్చడంలో ఊలెన్‌హూట్ చూపిన పట్టుదల ప్రత్యేకమైనది. గ్రైఫ్స్‌వాల్ట్‌లోనే న్యాయవైద్యం బోధించే ఆచార్యుడు బోయ్‌మర్ తోడుగా నిలిచారు. గాజు గొట్టంలోని తాజా రక్తం వేరు, నెలల తరబడి కత్తిమీద, కర్రమీద, గుడ్డమీద ఎండిపోయిన మరక వేరు. అటువంటి పాత మరకలమీద పరీక్ష నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. వారిద్దరూ దానిని ఓపికగా పరిశీలించి, నిలుస్తుందని తేల్చారు.

పరీక్ష జరిగే తీరు హైస్కూలు పిల్లలకు సైతం అర్థమయ్యేంత సులభం. మరక ఉన్న గుడ్డముక్కను కొద్దిపాటి ఉప్పునీటిలో నానబెడతారు. ఆ నీటిని వడకట్టి, ఒక పాలు రక్తానికి వేయి పాళ్ళ నీరు అన్నంత పలుచన చేస్తారు. దానిని సన్నని గాజు గొట్టంలో పోసి, మనిషి రక్తానికి అలవాటుపడిన కుందేలు సీరంను ఒకటి రెండు చుక్కలు వేస్తారు. మరక మనిషిదైతే కొద్ది నిమిషాలలో గొట్టం అడుగున తెల్లని మబ్బు ఏర్పడుతుంది. ఇంతవరకు అందరూ చెబుతారు. ఊలెన్‌హూట్ గట్టిగా పట్టుబట్టిన విషయం వేరే ఉంది. ఆ గొట్టం పక్కన మరికొన్ని గొట్టాలు నిలబెట్టాలి. ఒకదానిలో నిజంగా మనిషి రక్తమే, మరికొన్నింటిలో ఎద్దు, పంది వంటి ఇతర జంతువుల రక్తం, ఇంకొక దానిలో వట్టి ఉప్పునీరు ఉండాలి. మరకనీటిలో మామూలు కుందేలు సీరంను వేసిన గొట్టమూ ఒకటుండాలి. మబ్బు రావలసిన చోట వచ్చి, రాకూడని చోట రాకుండా ఉంటేనే ఫలితం చెల్లుతుంది. ఇరవై నిమిషాల తర్వాత కనిపించే మబ్బును లెక్కలోకి తీసుకోరాదు. ఒక మనిషి ప్రాణం ఈ పక్క గొట్టాల మీదనే ఆధారపడి ఉందని నా అభిప్రాయం. తరగతిలో ఏ ప్రయోగం చేయించినా పోల్చిచూసే రెండవ గొట్టం లేకుండా చేయించరాదని తోటి ఉపాధ్యాయులకు మనవి.

పరీక్ష పుట్టిన ఏడాదే దాని అవసరం ఎంత ఘోరమైనదో తెలియవచ్చింది. గ్రైఫ్స్‌వాల్ట్‌కు సమీపంలో ర్యూగెన్ అనే ద్వీపం ఉంది. 1901 జూలై 1న ఆ ద్వీపంలోని గోరెన్ గ్రామంలో ఆడుకోవడానికి వెళ్ళిన ఇద్దరు చిన్న అన్నదమ్ములు ఇంటికి తిరిగి రాలేదు. మరునాడు అడవిలో వారి దేహాలు లభించాయి. ఎంత క్రూరంగా చంపారో వ్రాయడం ఇక్కడ అనవసరం. లుడ్విగ్ టెస్నో అనే వడ్రంగి మీద అనుమానం కలిగింది. అతని బట్టలమీద మరకలున్నాయి. తాను వడ్రంగిననీ, కొన్ని మరకలు కొయ్యకు వేసే రంగువనీ, మిగిలినవి పశువు రక్తమనీ అతడు తొణక్కుండా చెప్పాడు.

విచారణాధికారికి ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. 1898 సెప్టెంబరు 9న, అక్కడికి చాలా దూరంలో, ఓస్నాబ్రుక్ దగ్గరి లెక్టింగెన్ గ్రామంలో బడికి వెళ్ళిన ఇద్దరు ఆడపిల్లలు ఇదే విధంగా హతులయ్యారు. అప్పుడు పట్టుబడి, మరకలు కొయ్యరంగువేనని చెప్పి విడుదలైన వడ్రంగి పేరు కూడా టెస్నోయే! ఇదిగాక, ర్యూగెన్‌లో పిల్లలు చనిపోవడానికి సుమారు మూడు వారాల ముందు కొన్ని గొర్రెలను ఎవరో ముక్కలుగా నరికి పారవేశారు. పారిపోతున్న మనిషిని చూసిన గొర్రెలకాపరి టెస్నోను గుర్తుపట్టాడు. ఇంత ఉన్నా, మరకల విషయంలో అతని మాటను కాదనడానికి ఆధారం లేదు. అప్పుడు గ్రైఫ్స్‌వాల్ట్ ప్రాసిక్యూటర్‌కు తమ పట్టణంలోనే ఉన్న యువ వైద్యుని వ్యాసం స్ఫురించింది. టెస్నో బట్టల మూటలు ఊలెన్‌హూట్ ప్రయోగశాలకు చేరాయి.

ఊలెన్‌హూట్ ఒక్కొక్క మరకనూ విడిగా కత్తిరించి, నానబెట్టి పరిశీలించారు. కొన్ని మరకలు నిజంగానే కొయ్యరంగువని ఆయన తన నివేదికలో వ్రాశారు. ఇది గమనించదగిన విషయం, ఎందుకంటే నిందితుడు చెప్పినదానిలో నిజమున్నంత మేరకు శాస్త్రం అతని పక్షాన నిలిచింది. మరికొన్ని గొర్రె రక్తం. ఇంకా కొన్ని మనిషి రక్తం. గొర్రెలకాపరి మాట, పిల్లల తల్లిదండ్రుల శోకం, రెండూ ఒకే బట్టల మీద వేర్వేరుగా చదవగలిగారు. న్యాయస్థానం టెస్నోను దోషిగా నిర్ణయించి మరణశిక్ష విధించింది. 1898లో కూడా మరకలు ఉన్నాయి, అనుమానమూ ఉంది, లేనిది పరీక్ష ఒక్కటే. మూడేళ్ళు ముందుగా ఆ కుందేలు సీరం ఉండి ఉంటే ర్యూగెన్ పిల్లలిద్దరూ బ్రతికి ఉండేవారేమో అన్న ఆలోచన ఈ కథ చదివిన ప్రతిసారీ వెంటాడుతుంది.

అనంతరం ప్రష్యా ప్రభుత్వం తన న్యాయస్థానాలలో ఈ పరీక్షను ఉపయోగించమని ఆదేశించింది. ఆంగ్ల దేశంలో నటాల్ అనే శాస్త్రజ్ఞుడు వందలాది రక్తనమూనాలను ఈ విధంగా పరీక్షించి, ఏ జంతువుకు ఏది దగ్గరి బంధువో చూపుతూ 1904లో పెద్ద గ్రంథం వెలువరించారు. మనిషి సీరం కోతి రక్తంలోనూ కొద్దిగా మబ్బు పట్టిస్తుంది. గొర్రె, మేక, ఎద్దు తమలో తాము ఇట్లే కలగలుస్తాయి. అందుచేత మన పంచె కథలో మేక రక్తమా, మనిషి రక్తమా అని తేల్చడం తేలిక. మేకా, గొర్రా అని తేల్చడమే కష్టం. దగ్గరి జాతుల చిక్కును ఊలెన్‌హూట్ ఒక చమత్కారంతో పరిష్కరించారు. కుందేలుకు అడవి కుందేలు రక్తం ఎక్కిస్తే, దాని సీరం అడవి కుందేలు రక్తాన్నే పడుతుంది, కుందేలు రక్తాన్ని పట్టదు. పంది మాంసమని చెప్పి గుర్రపు మాంసం అమ్మే వర్తకులను పట్టుకోవడానికి కూడా ఈ పరీక్షే పనికివచ్చింది.

భారతదేశానికి ఈ పద్ధతి త్వరగానే చేరింది. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడైన సదర్లాండ్ 1907లోనే రక్తపు మరకల గురించి ఒక గ్రంథం ప్రచురించారు. మద్రాసులో రసాయన పరీక్షకుని కార్యాలయం 1849 నుండి ఉంది. నేటి సరిహద్దు ప్రాంతాలలో బళ్ళారి, హోసూరు, గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీవే గదా! ఆ ఊళ్ళలో దొరికిన కత్తి, చొక్కా మొదట మద్రాసుకు పోయేవి. అది రక్తమని అక్కడ తేలాక, మనిషిదా, పశువుదా తెలుసుకోవడానికి కలకత్తాలోని ఇంపీరియల్ సీరాలజిస్టుకు పంపేవారు. స్వాతంత్ర్యం తర్వాత కూడా ప్రభుత్వ సీరాలజిస్టు పదవి కొనసాగింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షను, సీరాలజిస్టు స్వయంగా కోర్టుకు రాకున్నా ఆయన నివేదికను సాక్ష్యంగా స్వీకరించవచ్చునని చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో అదే ఏర్పాటు 329వ సెక్షనులో ఉంది.

మన వంటి రెండు భాషల కుటుంబాలకు ఒక చిన్నమాట. కర్ణాటక, తమిళనాడు పక్కన మహజరు అన్నా, మహారాష్ట్ర పక్కన పంచనామా అన్నా ఒకటే కాగితం. ఏ గుడ్డ ఎక్కడ దొరికిందో అందులో నమోదు అవుతుంది. దానితోపాటు వచ్చే ఆంగ్ల నివేదికలో రక్తం మనిషిదని ఉండవచ్చు, లేదా మరక చెడిపోయినందున ఏ జాతిదో తేల్చలేకపోయామని ఉండవచ్చు. ఈ రెండవ మాట చూసి, రక్తమే లేదన్నారని కొందరు, కేసు పోయిందని కొందరు అపార్థం చేసుకుంటారు. రెండూ తప్పు. మరక చెడిపోయి మూలం తెలియనంత మాత్రాన ఆ వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని సుప్రీంకోర్టు 1999లో రాజస్థాన్‌కు చెందిన తేజారాం కేసులో వివరించింది. మిగిలిన సాక్ష్యంతో కలిపి చూడాలి. తడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకడితే కుళ్ళి మరక పాడవుతుంది. నీడలో ఆరనిచ్చి కాగితంలో చుట్టాలి. ఈ పని పోలీసులదే అయినా, బాధితుని బట్టలను దుఃఖంలో ఉతికి ఆరవేసే కుటుంబాలు ఉన్నాయి గనుక చెప్పవలసి వచ్చింది.

ఊలెన్‌హూట్ పరీక్షకు ఒక హద్దు ఉంది. అది మనిషి రక్తమని చెబుతుంది, ఏ మనిషిదో చెప్పదు. గాయపడ్డవాడిదీ, గాయపరచినవాడిదీ దానికి ఒకటే. ఆ పని కొంతవరకు, అదే 1901లో వియన్నా నగరంలో లాండ్‌స్టైనర్ కనుగొన్న రక్తవర్గాల వలన సాధ్యమయింది. పూర్తిగా సాధ్యపడింది 1985లో జెఫ్రీస్ డి.ఎన్.ఎ. పద్ధతి వచ్చాకనే. దానిని మన దేశంలో నిలబెట్టినవారు హైదరాబాదు సి.సి.ఎం.బి.లో పనిచేసిన లాల్జీ సింగ్.

ఊలెన్‌హూట్ తరువాతి జీవితంలో చేసిన పనులు అనేకం. 1906లో బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి, 1911లో స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మన వరి రైతులు భయపడే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఏ క్రిమి వలన వస్తుందో 1915లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనాడా, ఇదో కనుగొన్న కాలంలోనే, వారితో సంబంధం లేకుండా ఆయనా కనుగొన్నారు. ఆర్సెనిక్, ఆంటిమొనీ లోహపు మందులను రోగాలమీద ప్రయోగించి చూశారు. మొదటి ప్రపంచయుద్ధానంతరం స్ట్రాస్‌బుర్గ్ ఫ్రాన్సు వశం కావడంతో అక్కడి నుండి వెడలి, కొంతకాలం మార్బుర్గ్‌లో ఉండి, 1923లో ఫ్రైబుర్గ్ చేరారు. నోబెల్ బహుమతికి ఆయన పేరు అనేకమార్లు ప్రతిపాదనకు వచ్చింది గాని లభించలేదు.

ఇంతవరకే చెప్పి ముగిస్తే చరిత్ర వ్రాసినట్లు కాదు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాదే ఫ్రైబుర్గ్ వైద్యశాఖ నుండి యూదుడన్న కారణంతో హాన్స్ క్రెబ్స్‌ను తొలగించారు. ఆయన ఇంగ్లండుకు వెళ్ళి, 1953లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఊలెన్‌హూట్ మాత్రం కొత్త పాలకుల పక్షాన నిలిచి, 1936లో పదవీ విరమణ చేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, డెబ్బై ఏళ్ళు దాటిన వయస్సులో, ఆయన తన పాత పద్ధతిని కొత్త పనికి పూనుకొల్పారు. మనిషిని, మేకను వేరుచేసిన సీరం, తెల్లజాతివానిని, నల్లజాతివానిని కూడా వేరుచేయగలదేమోనని చూడదలచి, యుద్ధఖైదీల రక్తం కొరకు అధికారులను కోరారు.

అది జరిగే పని కాదు. మనిషి రక్తానికి అలవాటుపడిన కుందేలుకు మనిషి అన్నదే తెలుసు. జర్మన్ ఆచార్యుని రక్తమైనా, ఆఫ్రికా సైనికుని రక్తమైనా, మన ఊరి ఏ వాడవారి రక్తమైనా, గొట్టం అడుగున ఒకే మబ్బు. ఈ సంగతి ప్రపంచంలో అందరికన్నా ముందుగా, అందరికన్నా ఎక్కువసార్లు కళ్ళారా చూసినవారు ఊలెన్‌హూటే. పక్క గొట్టాలు లేనిదే ఫలితం నమ్మరాదని ఇతరులకు నేర్పిన మనిషి, తన కాలపు రాజకీయం చెప్పినదానిని ఏ గొట్టంతోనూ పోల్చిచూడలేదు. ఆయన చేసిన మేలును తగ్గించి చెప్పవలసిన పనిలేదు, ఈ భాగాన్ని దాచవలసిన పనీ లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు రెండూ కలిపి చెప్పడమే ఉచితం.

యుద్ధం ముగిసిన తర్వాత కూడా ఆయన ఫ్రైబుర్గ్‌లోని ప్రయోగశాలకు వెళుతూనే ఉన్నారు. జర్మనీ ప్రభుత్వం ఆయనను గౌరవించింది, యుద్ధకాలపు పరిశోధన గురించి అప్పట్లో పెద్దగా ప్రస్తావన రాలేదు. 1957 డిసెంబరు 13న, ఎనభై ఏడేళ్ళ వయస్సులో, ఊలెన్‌హూట్ ఆ నగరంలోనే మరణించారు.